వేలికి తొడిగిన నిమ్మకాయ

చేతులకు గ్లవ్స్ వేసుకోవచ్చు కదా అని సలహా ఇచ్చేవాళ్ళను నేను ఒకటే అడుగుతాను. మీరెప్పుడైనా గ్లవ్స్ వేసుకుని మిరపకాయ కోశారా? కోసి ఉండరు. మిరపకాయను పట్టి లాగకూడదు. లాగితే కొమ్మ విరుగుతుంది, ఆసామి తిడతాడు. తొడిమ కింద బొటనవేలి గోరు ఆనించి, చూపుడువేలితో కాయను పైకి ఎత్తాలి. అప్పుడు టుక్కుమని ఊడి వస్తుంది. ఆ ఊడే చోటు ఎక్కడుందో గోరుకు తెలియాలి. రబ్బరు తొడుక్కున్న గోరుకు తెలియదు. పైగా ఎండలో రబ్బరు లోపల చెయ్యి చెమటకు నానిపోతుంది. ఆ చెమటలోకి కారం దిగుతుంది. ఇక మంట ఎట్లా ఉంటుందంటే, చేతిని గిన్నెలో పెట్టి మూతేసి ఉడకబెట్టినట్టు ఉంటుంది. ఒకసారి ఎవరో కారులో వచ్చి మా పేటలో ఆ రబ్బరు తొడుగులు జతల లెక్కన పంచి, ఫోటోలు దిగి వెళ్ళారు. మావాళ్ళు వాటితో పేడ ఎత్తుతున్నారు. ఆ పనికి మాత్రం చాలా బాగున్నాయి.

చేతుల సంగతి నాకు తెలుసని ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను కదా. తెలుసనే అనుకునేదాన్ని. బి.ఎస్సీ. చదివాను. తొమ్మిదేళ్ళు ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పాను. కరోనాకు మూసిన ఆ స్కూలు మళ్ళీ తెరుచుకోలేదు. ఊరికొచ్చి, మా పేటలో నాతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్ళను కూడగట్టి పత్తి తీతకూ మిరప కోతకూ ముఠా కట్టాను. నేనూ వాళ్ళతో పాటే కోస్తాను. కానీ ఆసామితో మాట్లాడేది, ఎవరు ఏ సాలు పట్టాలో చెప్పేది, ఎవరు రావాలో ఎవరు ఆగాలో తేల్చేది నేనే. నన్ను మేస్త్రి అంటారు. నాతో వాదన పెట్టుకోవడానికి ఆసాములే జంకుతారు. అది గొప్పగా చెప్పుకునే రోజులు కూడా ఉండేవి.

మా ముఠాలో ఎవరి చెయ్యి పట్టి చూసినా ఒక కథ ఉంటుంది. ఒకామెకు పొద్దున లేచేసరికి చూపుడువేలు మడతపడి ఉంటుంది. రెండో చేత్తో పట్టి సాగదీస్తే టక్కుమని శబ్దం చేసి లేస్తుంది. ఆ శబ్దానికి ఆమె మనవరాలు నవ్వుతుందట, రోజూ అదొక ఆట. ఇంకొకామె నిద్రలో చేతులు తిమ్మిరెక్కి, లేచి వాటిని మంచం పట్టెకేసి కొట్టుకుంటుంది. పురుగుమందు కొట్టిన మూడోనాడే చేలో దిగామా, అరచేతుల తోలు ఉల్లిపొరలా లేస్తుంది. నా బొటనవేలి గోరు నిలువునా చీలి నల్లబడి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. వీటిని మేము జబ్బులు అనం. మనిషి మంచాన పడితేనే మాకు జబ్బు. వేళ్ళ దాకా వచ్చేవన్నీ పనిలో భాగం.

కారం మంటకు నీళ్ళు పనికిరావు. నీళ్ళు పోస్తే మంట మోచేతి దాకా పాకుతుంది. ఇంటికెళ్ళగానే ఆముదం పట్టించి, తుడిచి, పుల్లమజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుంటాం. అయినా ఆ చేత్తో కళ్ళు తుడుచుకోలేం, పిల్లల ముక్కు చీదలేం. అందుకే మా ముఠాలో ఒక కట్టుబాటు ఉంది. పన్నెండు మందిలో ఒకరు కాయ ముట్టుకోరు. ఆమె నీళ్ళ మనిషి. బిందె మోసుకొచ్చి సాలు సాలుకూ తిరిగి నోట్లో నీళ్ళు పోస్తుంది, కళ్ళలో నలక పడితే తీస్తుంది, జుట్టు ఊడితే ముడేస్తుంది, గట్టు మీద చంటిపిల్లలుంటే చూస్తుంది. అందరితో పాటే ఆమెకూ కూలి. పాలిచ్చే తల్లి ఉంటే ఆ పని ఆమెదే. ఎందుకో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. పాలిచ్చే తల్లి లేకపోతే చెయ్యి దెబ్బతిన్న మనిషిది. ఒకరికి మించి మాత్రం ఏ ఆసామీ ఒప్పుకోడు.

ఇక మా వదిన సంగతి. మా అన్నయ్య భార్య. నాకంటే ఐదేళ్ళు పెద్దది. అన్నయ్య మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్లో పనిచేస్తాడు, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారి పోతాడు. మిగతా రోజులు వదినా నేనూ ఒకే పొయ్యి, వాళ్ళ మగపిల్లలిద్దరూ పనులకు వేరే ఊళ్ళలో ఉంటున్నారు. కోతలో వదిన చేతులు చూడాలి. రెండు చేతులూ రెండు కొమ్మల మీద విడివిడిగా నడుస్తాయి, కళ్ళు ఎక్కడో ఉంటాయి. ఆమె సాలు పూర్తిచేసి వెనక్కి తిరిగేసరికి నేను సగంలో ఉంటాను. ఎక్కువ మాట్లాడదు. మా ఇంట్లో మాటలన్నీ నా వాటాకే వచ్చాయి.

నిరుడు మాఘమాసంలో పత్తి ఆఖరి తీత. ఆఖరి తీతలో పత్తి తక్కువ, విచ్చిన కాయల గుల్లలు ఎక్కువ. ఎండిన గుల్ల మొనలు ముళ్ళలా ఉంటాయి. శుక్రవారం నాడు వదిన ఎడమచేతి ఉంగరపు వేలికి గోరు పక్కన గుల్ల మొన దిగింది. నోట్లో పెట్టుకుని చీకి, ఉమ్మేసి, మళ్ళీ పత్తి తీసింది. రోజుకు పది దిగుతాయి అట్లాంటివి. ఆదివారం చర్చిలో చూశాను, గోరు పక్కన ఎర్రగా ఉబ్బి ఉంది. "గోరుచుట్టు లేస్తుందే" అంది. "లేస్తే లేచింది, చితికితే పోద్ది" అన్నాను.

మంగళవారం నుంచి మాకు మిరపచేను ఒప్పందం. ఐదు రోజుల కోత. కాయ చెట్టు మీదే ఎండిపోతోందని ఆసామి కంగారులో ఉన్నాడు. "పన్నెండు మందికి ఒక్కరు తగ్గినా నాకొద్దమ్మాయ్. కర్నూలు నుంచి వచ్చినోళ్ళు రోడ్డు పక్కనే డేరాలేసుకుని ఉన్నారు. ఒక్క ఫోనుకి ముప్పై మంది దిగుతారు" అని నాతో ముందే తెగేసి చెప్పాడు. ఒకసారి వాళ్ళు ఆ చేలో దిగితే రెండో కోతా మూడో కోతా కూడా వాళ్ళదే.

సోమవారం సాయంత్రం వదిన గుమ్మంలోకొచ్చి నిలబడింది. వేలు పట్టుకుని ఉంది. గోరు చుట్టూ బిగుసుకుని మెరుస్తోంది.

"రేపు నన్ను నీళ్ళకి పెట్టవే. సలుపుతోంది. కారం తగిలితే ఓర్చుకోలేను."

"మరి ఆ పిల్లతల్లి?"

మా ముఠాలో అప్పుడు మూడు నెలల బిడ్డతో ఒక అమ్మాయి నీళ్ళ మనిషిగా ఉంది. వదిన గుమ్మానికి ఆనుకుంది.

"అయితే నేను ఇంటికాడ ఉంటాలే. వేరే ఎవరినన్నా చూసుకో."

"ఈ పొద్దుగూకేటప్పుడు ఎవరినని చూడను? అందరూ ఒప్పేసుకున్నారు ఎవరి చేలు వాళ్ళు. పదకొండు మందిని చూస్తే ఆసామి అసలు చేలోకే దిగనియ్యడు. నీ ఒక్క వేలు కోసం పదకొండు మంది ఇంట్లో కూర్చోవాలా? చెప్పు, నువ్వే చెప్పు."

"నా వేలు సంగతి నేను చెప్తన్నా. వాళ్ళ సంగతి నాకెట్టా తెలుసుద్ది?"

"అదే నేను చెప్తున్నా. మేస్త్రిని నేను కాబట్టి నాకు తెలియాలి."

ఇట్లా మాట్లాడడం నాకు బాగా వచ్చు. ఎదుటి మనిషి తన నొప్పి గురించి చెబుతుంటే దాన్ని పదకొండు మందితో తూచడం. వదిన తల వంచుకుని వింది. అప్పుడు నాకు ఆ తెలివైన ఆలోచన వచ్చింది. గోరుచుట్టుకు మావైపు అందరూ చేసేదే, వేలికి నిమ్మకాయ తొడగడం. కాయకు బెజ్జం చేసి, లోపల కాస్త పసుపూ ఉప్పూ వేసి, వేలు అందులోకి దూరుస్తారు. పొద్దున్నకు సలుపు లాగేస్తుందంటారు. నా చిన్నప్పుడు మా అమ్మ నాకూ పెట్టింది, తగ్గింది. మరి వేలికి నిమ్మకాయ ఉంటే మిరపకాయ కారం తగలదు కదా? మందుకు మందు, అడ్డుకు అడ్డు. బి.ఎస్సీ. బుర్ర అక్కడ పనిచేసింది.

మా పెరటి చెట్టు నుంచి కాస్త పెద్ద కాయ కోసి నేనే బెజ్జం చేశాను. నేనే వేలు దూర్చాను. వదిన పళ్ళు బిగబట్టింది. అంతటితో ఊరుకున్నానా? కారం లోపలికి జారకూడదు కదా. పాలిథిన్ కవరు చింపి నిమ్మకాయ మీద చుట్టాను. పాతచీర పీలికతో వేలి మొదలు దాకా, పెళ్ళినాటి ఉంగరం మీదుగా, గట్టిగా బిగించి ముడేశాను.

"బిగువుగా ఉందే."

"బిగువుగా ఉండకపోతే కారం పోద్ది. కోత అయిందాకా విప్పకు. మధ్యమధ్యలో విప్పి చూసుకుంటే లాభం లేదు."

విప్పకు అన్నాను. ఆ మాట నాదే, నా గొంతుతోనే అన్నాను.

మర్నాడు చేలో అందరికీ అదొక వేడుక. మడతపడే వేలామెది మా ముఠాలో పెద్ద నోరు. వదిన చెయ్యి చూసి, "ఏందక్కా, ఒక చేతికి నిమ్మకాయ, ఇంకో చేతిలో మిరపకాయలు. నిన్ను తీసుకెళ్ళి చీమకుర్తి రాళ్ళ లారీ ముందు కడితే సరిపోద్ది, ఒక్క యాక్సిడెంటు అవ్వదు" అంది. అందరూ పగలబడి నవ్వారు. వదిన కూడా నవ్వింది. "ముందు నిన్ను కట్టుకుంటారు, నీ నోటికి ఏ దిష్టీ ఆగదు" అంది. పన్నెండు మంది ఉన్నారని ఆసామి తృప్తిపడ్డాడు. నేనూ తృప్తిపడ్డాను.

ఆ రోజు వదిన ఎడమచెయ్యి సరిగ్గా నడవలేదు. సాలు చివర ఎప్పుడూ ఆమె నాకోసం ఆగేది, ఆ రోజు నేను ఆమె కోసం ఆగాను. బుధవారం ఆ చేతిని పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తోనే కోసింది. కిందికి దించితే సలుపు మోచేతి దాకా వస్తోందని చెప్పింది. సాయంత్రం ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గరకెళ్ళి ఇంజక్షన్ వేయించుకుంది. ఆయన కూడా కట్టు విప్పలేదు. "నిమ్మకాయ మంచిదే, ఉండనీయ్" అని బిళ్ళలిచ్చి పంపాడు. ఆయన్ని నేనేమీ అనను. అనడానికి నాకేం హక్కుంది?

గురువారం మధ్యాహ్నం అన్నం తినే వేళకు వదిన నా పక్కన కూర్చుని, "నొప్పి లేదే ఇయ్యాల" అంది. ఆశ్చర్యపోతున్నట్టుగా అంది. "అసలు ఏమీ తెలవట్లా."

"చూశావా మరి. నేను చెప్తే వినవు" అన్నాను.

ఆ మాట రాయడానికి నాకు ఇంతసేపు పట్టింది. నొప్పి పోయిందంటే వేలు బాగుపడిందని సంబరపడ్డాను. వేలికి నొప్పి తెలియడం మానేసిందంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించలేదు. నరాలు, రక్తనాళాలు, బొమ్మలు గీసి భాగాలు గుర్తించండి అని పిల్లలకు హోంవర్కు ఇచ్చినదాన్ని.

శుక్రవారం ఆమెకు చలి పుట్టింది. ఎండదెబ్బ అనుకున్నాం. శనివారం కోత ముగుస్తున్న రోజు చేలో ఏదో వాసన. ఎలుక చచ్చిందేమో చూడమని ఒకరికొకరు చెప్పుకుంటూ మొక్కల మొదళ్ళు వెతికారు. వదిన వెతకలేదు. ఈగలు ఆమె చేతి చుట్టూ తిరుగుతుంటే కుడిచేత్తో తోలుకుంటూ కోసింది. నీళ్ళు తాగించడానికి వచ్చిన పిల్లతల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నా వైపు చూసి ఏదో అనబోయి ఊరుకుంది. నేను మేస్త్రిని కదా.

ఆ సాయంత్రం అన్నయ్య వచ్చాడు. బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, అన్నానికి కూర్చున్నాడు. వదిన వడ్డించడానికి వంగింది. అన్నయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"ఏందది?"

"గోరుచుట్టు."

"ఎన్నాళ్ళ నుంచి?"

వదిన నా వైపు చూసింది. జవాబు నేను చెప్పాను. అన్నయ్య లేచి, ఆమెను గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, బ్లేడుతో పీలిక కోశాడు. ఆయన వేళ్ళు రాతిపొడి పట్టి పగిలి ఉంటాయి, సున్నితమైన పనులు వాటికి రావు. ఆ రోజు చాలా నెమ్మదిగా చేశాడు. కవరు తీశాడు. నిమ్మకాయ మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. దాన్ని లాగితే దానితోపాటు వేలి మీది తోలు వచ్చింది. కింద వేలు నల్లగా ఉంది. ఆ నలుపు మొదట్లో, ఉబ్బిన మాంసంలో పూడుకుపోయి ఉంగరం ఉంది. బంగారం అంచు సన్నటి గీతలా కనిపిస్తోంది. అరచెయ్యి అంతా ఎర్రబారి, మణికట్టు దాకా వాచింది.

వదిన తన వేలిని తాను చూసుకుని, "నాకేం తెలవట్లేదయ్యా" అంది అన్నయ్యతో, క్షమాపణ అడుగుతున్నట్టు.

అన్నయ్య ఆటో కోసం బయటికి వెళ్ళాడు.

పెద్దాసుపత్రిలో డ్యూటీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. వదిన చెయ్యి చూసి, నన్ను చూసింది.

"ఎన్ని రోజులు కట్టి ఉంచారు?"

"ఐదు."

"ఒక్కసారి కూడా విప్పలేదా? మీరు చదువుకున్నవారిలా ఉన్నారు."

నేను మొదలుపెట్టాను. మా ఊరి నుంచి ఇక్కడికి ఎన్ని ఆటోలు మారాలో తెలుసా అన్నాను. పని మానుకుని ప్రతి గోరుచుట్టుకూ ఆసుపత్రికి రావడం మొదలుపెడితే మీకు ఇక్కడ నిలబడటానికి చోటుండదు అన్నాను. పీహెచ్‌సీలో డాక్టరు ఉండే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు అన్నాను. అన్నీ నిజాలే. డాక్టరమ్మ చీటీ మీద రాసుకుంటూ పోయింది. నా మాటలు అయిపోయాక, "షుగరు ఉందా ఈమెకు?" అని అడిగింది. లేదన్నాను. రక్తం తీసి చూశారు. ఉంది. ఎప్పటి నుంచో ఉండి ఉంటుందట. మేమెప్పుడు చూపించుకున్నాం గనుక.

ఉంగరం కోయాలన్నారు. వదిన అప్పుడు మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అది కొయ్యొద్దమ్మా. దేవుని సన్నిధిలో తొడిగింది. ఇరవైఏడేళ్ళు, స్నానానికి కూడా తియ్యలేదు."

మా క్రైస్తవుల పెళ్ళిళ్ళలో ఉంగరం మాట అంత చిన్నది కాదు. పాస్టరు గారు చేతిలోకి తీసుకుని ప్రార్థన చేసి ఇస్తారు. హిందూ ఇళ్ళల్లో పుస్తె తీయడం ఎట్లాగో ఇదీ అట్లాగే. డాక్టరమ్మకు అది తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. అన్నయ్య వంగి, "నేను తొడిగిందేగా. నేనే తియ్యమంటన్నా" అన్నాడు. వదిన కళ్ళు మూసుకుంది. చిన్న చక్రం లాంటి కత్తెరతో దాన్ని కోస్తుంటే కీచుమని శబ్దం వచ్చింది. ఆమెకు నొప్పి లేదు. ఆ వేలికి అప్పటికి స్పర్శే లేదు.

సోమవారం పొద్దున వేలును మొదలంటా తీసేశారు. అరచేతిలో కూడా గాట్లు పెట్టి చీము తీశారు. చెయ్యి దక్కడమే గొప్ప అన్నారు. గాజుగుడ్డల కట్టుతో బయటికి తెచ్చాక మత్తులోనే వదిన డాక్టరమ్మను అడిగిన ప్రశ్న ఒకటే. "మళ్ళీ కోతకి ఎప్పుడు పోవచ్చమ్మా?"

"ఎడమచెయ్యేగా, మెల్లగా అలవాటవుతుంది" అంది డాక్టరమ్మ.

"మిరపకాయకి రెండు చేతులూ కావాలమ్మా" అంది వదిన.

మొదటి రోజే వచ్చుంటే గోరు పక్కన చిన్న గాటు పెట్టి పంపేవాళ్ళమని వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ నాతో విడిగా చెప్పింది. నిమ్మకాయ ఒక్కటే కాదు, ఆ బిగించిన కట్టు, దాని కింద ఉంగరం, షుగరు, అన్నీ కలిశాయి అంది. ఓదార్పు కోసం చెప్పిందో, లెక్క తేల్చిందో నాకు తెలియదు. ఆ నాలుగింటిలో రెండు నేను నా చేతులతో చేసినవి. మూడోది నా కళ్ళ ముందే ఉంది, దాని మీదుగానే ముడేశాను.

రెండు నెలలు పట్టింది గాయం ఆరడానికి. ఆ రెండు నెలలూ వదినకు నేనే తల దువ్వాను, జాకెట్టు హుక్కులు పెట్టాను, అన్నం కలిపి పెట్టాను. ఆమె ఏ ఒక్క రోజూ నన్ను తప్పు పట్టలేదు. నేను ఎదురుచూశాను. తిడితే జవాబు చెప్పాలని రోజూ లోపల తయారుచేసుకున్నాను. ఆ ఆసామి ఒత్తిడి, ఆ పిల్లతల్లి, కర్నూలు వాళ్ళ డేరాలు, అన్నీ వరసగా పేర్చుకున్నాను. ఆమె అడగలేదు. మధ్యాహ్నాలు కూర్చుని, లేని వేలు మండుతోందని చెప్పేది. కారం తగిలినట్టే మండుతోందట. లేని చోట ఆముదం ఎక్కడ రాయాలి?

ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా దగ్గర ఎవరైనా లేచి, దేవుడు తమకు చేసిన మేలు చెప్పవచ్చు. వదిన ఎప్పుడూ లేవని మనిషి. ఆ రోజు లేచింది. కట్టు లేని ఆ చేతిని కొంగులో దాచుకుని, నాలుగు ముక్కలే చెప్పింది.

"నా చెయ్యి మొత్తం పోవాల్సింది. దేవుడు ఒక్క వేలుతో వదిలేశాడు. నా ఆడబిడ్డ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళి, రెండు నెలలు కన్నతల్లిలాగా చూసింది. దేవుడు ఆమెను వాడుకున్నాడు. అందుకు స్తోత్రం."

అందరూ ఆమేన్ అన్నారు. కొందరు వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. మా ముఠా ఆడవాళ్ళు నాలుగు వరసల్లో ఉన్నారు. వాళ్ళందరికీ తెలుసు ఆ కట్టు ఎవరు కట్టారో, విప్పొద్దని ఎవరన్నారో. వాళ్ళూ ఆమేన్ అన్నారు. లేచి నిలబడదామని మోకాళ్ళ మీద చేతులు ఆనించాను. ఊళ్ళో ఏ సభలోనైనా మొదట లేచే దాన్ని నేను. లేవలేదు.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట వదినను పక్కకు లాగాను.

"ఎందుకట్లా చెప్పావ్? నిన్ను ఆగనివ్వంది నేను. విప్పొద్దన్నది నేను. నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

"మరేంది? ఆ మాట అక్కడ చెప్తే రేపు నీ ముఠాకి ఎవరొస్తారే? నువ్వు ముఠా నడపకపోతే నేను ఎవరితో పోను, తొమ్మిది వేళ్ళ మనిషిని? ఏ మేస్త్రి పెట్టుకుద్ది?"

"అంటే అందుకోసం చెప్పావా?"

"అందుకోసమే. దేవుడికి నిజం తెలుసులే, ఆయనకి నేను చెప్పక్కర్లా."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ వస్తే నా నోట్లోంచి వాదనే వస్తుంది.

"నేను అట్లా వాదించకుండా ఉంటే నువ్వు ఇంట్లో ఉండేదానివి కదా. నా మాట విని వచ్చావు. అదంతా నా మీదే ఉంది."

వదిన చెప్పులో కాలు పెట్టబోయి ఆగింది. నా వైపు తిరిగి చూసిన చూపు నేను ఆమెలో ముందెప్పుడూ చూడలేదు. జాలి అనను. విసుగు.

"నీ మాట విని వచ్చానని ఎవరన్నారు? ఆ బిడ్డతల్లిని చూసి వచ్చా. నేను కొయ్యనని పట్టుబడితే నన్ను నీళ్ళకి పెట్టి నువ్వు ఆ పిల్లను కోతకి దించేదానివి. నాకు తెలవదా నీ సంగతి? పాలిచ్చే రొమ్ముకి కారం చెయ్యి తగిలితే ఎట్టా ఉంటదో నీకు తెలవదు, నాకు తెలుసు. మా పెద్దోడికి మూడో నెలలో తగిలింది. రెండు రోజులు పాలు ముట్టలేదు వాడు."

నేను ఆ అమ్మాయిని దించేదాన్నా? లేదని చెప్పడానికి నోరు తెరిచాను. సోమవారం సాయంత్రం గుమ్మంలో నిలబడి పదకొండు మందిని తూచిన మనిషి నేనే. పన్నెండు లెక్క నింపడానికి ఏం చేసేదాన్నో నాకూ తెలుసు.

"రావడం నా ఇష్టంతోనే వచ్చా" అంది వదిన, ఇంకాస్త నెమ్మదిగా. "కట్టు కట్టావు, మంచికే కట్టావు. మా అమ్మ ఉన్నా అదే కట్టేది. దానికి నేను ఏమీ అనుకోలేదు."

కుడిచేత్తో కొంగు సర్దుకుంది. ఎడమచెయ్యి కొంగులోంచి బయటికి వచ్చింది. మిగిలిన నాలుగు వేళ్ళ మధ్య ఆ ఖాళీ నేను అప్పుడు మొదటిసారి ఎండలో చూశాను. లోపలికి గుంట పడి, మెరుస్తోంది.

"ఐదు రోజులు నా పక్క సాలు నీదే. వాసన వచ్చింది, ఈగలు ముసిరినయ్. చచ్చిన ఎలుకని వెతికారు కానీ, ఒక్కసారన్నా నా చెయ్యి తీసుకుని చూశావటే?"

వదిన చెప్పులో కాలు పెట్టింది. ఎండ ఎక్కుతోందని, అన్నయ్యకు అన్నం పెట్టాలని చెప్పి, ముందుకు నడిచింది.